పట్టా

మా నాయన బండిచక్రాలకు పట్టా ఎక్కించేవాడు.
నేను రైలు పట్టాల వెంట నడుస్తాను.
ఇద్దరిదీ ఇనుముతోనే పేచీ.

బిట్రగుంట యార్డు చివర, మధ్యాహ్నం ఒంటిగంట.
పట్టాకు అతికించిన థర్మామీటరు
యాభై తొమ్మిది దగ్గర తచ్చాడుతోంది.
అరవై దాటితే నా నడక మొదలు:
భుజాన స్పానరు, చంకలో చుట్టిన ఎర్రజెండా,
సంచిలో పటాసులు,
తడిగుడ్డ కట్టిన నీళ్ళసీసా.
థర్మామీటరు లేకపోయినా చెప్పేస్తాలే.
కరెంటు తీగ చివర వేలాడే బరువు దిమ్మెలు
పొద్దున నా నెత్తికంటే ఎత్తున ఉన్నాయి,
ఇప్పుడు నడుం దాకా దిగొచ్చాయి.
తీగ సాగిందన్నమాట.
కోటిలింగం కొట్లో బెల్లం తూచినట్టు
అవి ఎండను తూచి చూపిస్తాయి.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు.
రోలు పగలడం నేనెప్పుడూ చూళ్ళేదు.

జలదంకిలో మా కొలిమి.
చక్రం చుట్టుకొలత కన్నా
పట్టాను వేలి మందం తక్కువ కొట్టేవాడు నాయన.
"తగ్గింది నాయనా, పట్టదు."
"పట్టేదాకా కాల్చాల మే."
పిడకలు గుండ్రంగా పేర్చి, నడుమ పట్టా పడుకోబెట్టి,
అది దానిమ్మ పువ్వు రంగుకొచ్చాక
నాయన, చిన్నాయన పెంచలనరసయ్య, బండి ఆసామి
మూడు పక్కలా పట్టకార్లతో ఎత్తి
చక్రం మీద దించితే
ఎన్నాళ్ళుగానో తెలిసిన ఇంట్లోకి వచ్చినట్టు దిగేది.
తుమ్మచెక్క కమురు వాసన.
అప్పుడు నా వంతు. బిందె వంచేదాన్ని.
పొగో ఆవిరో తెలియని తెల్లటి దాంట్లో
పట్టా ముడుచుకుంటూ ముడుచుకుంటూ
ఆకులన్నిటినీ కుండలోకి తోసేది.
చక్రం కీళ్ళు కటకటమనేవి.
ఒక్క మేకు కొట్టకుండా
ఇరవై ఏళ్ళు విడిపోని బిగింపు.
చల్లారడమంటే అదీ అనుకునేదాన్ని.

ఇక్కడ లూపు లైన్లో
పట్టాకూ పట్టాకూ నడుమ కందిగింజంత సందు.
ఎండకు పెరిగే ఇనుము కాళ్ళు చాపుకునేందుకు
వదిలిన చోటు.
టకటక, టకటక, అది ఆ సందు మాటే.
మెయిన్ లైన్లో సందులన్నీ అతికేశారు.
కిలోమీటర్ల కొద్దీ ఒకటే ఇనుము,
బోగీలో టీ తొణకదు.
మరి ఆ కందిగింజలన్నీ ఏమయ్యాయి?
ఎక్కడికీ పోలా.
లోపలే ఉన్నాయి, పళ్ళు బిగించుకొని.
క్లిప్పులు పట్టుకున్నాయి, స్లీపర్లు పట్టుకున్నాయి,
కంకర పట్టుకుంది.

పోయిన మేలో, తలమంచి వైపు, రొయ్యల గుంటల దగ్గర
పైపు కోసం ఎవరో కంకర లాగేశారు.
దూరానికి ఎండమావే అనుకున్నా,
రోజూ వణుకుతూనే కదా కనపడతాయి పట్టాలు.
దగ్గరికి పోయా. వణకడం లేదు.
ముగ్గు గీస్తూ గీస్తూ చెయ్యి జారినట్టు
ఒకేచోట, పక్కకు, నిలిచిపోయి ఉంది.

నా పరుగు నాకు గుర్తులేదు.
పటాసులు పేలడం, గూడ్సు కీచుమనడం గుర్తుంది.
డ్రైవరు దిగొచ్చి, వంకరను చూసి,
చొక్కా పైగుండీ విప్పుకొని
నా సీసాలో నీళ్ళు అడక్కుండా తాగేశాడు.

పొద్దు వాలాక గ్యాంగు వచ్చి కోసింది.
రంపం దిగుతుంటే చివరలు రెండూ
దాన్ని నొక్కి పట్టుకున్నాయి, వదల్లేదు.
తీసేసిన ముక్క నా జానెడు కూడా లేదు.
మేస్త్రీ దస్తగిరి దాన్ని కాలితో కదిపి
"ఇంత పెరిగినందుకా ఇంత గోల" అన్నాడు,
తర్వాత పుస్తకంలో అంగుళాలతో సహా రాసుకున్నాడు.

నాయన కొట్టిన ఆఖరి పట్టా
మా పెరట్లో పగిలిన మేకల గాబు చుట్టూ ఉంది.
ఆ రాత్రి దాని మీద చెయ్యి వేస్తే
ఇంకా వెచ్చగానే ఉంది.
ఆయన ఇచ్చిన రాగి ఉంగరం తీద్దామంటే రాలేదు,
వేలు ఉబ్బింది.
మా అత్త సబ్బు తెచ్చింది.
వద్దన్నా.
తెల్లారుజామున
సముద్రం గాలి తిరిగాక
దానంతటదే జారుతుంది.